లక్ష్మణమ్మ ఇంటి రెండు డిక్కీ కార్లు

లక్ష్మణమ్మ చేతి దెబ్బ తినని మగాడు ఆ పేటలో ఎవడైనా ఉన్నాడంటే వాడు మొన్న మొన్న ఇల్లరికం వచ్చినవాడై ఉండాలి. కోటబొమ్మాళికి తూర్పున, సముద్రం ఒడ్డునున్న పేట అది. చిన్నప్పుడు ఆమెను తండ్రి తెడ్డు తిరగేసి కొట్టేవాడు. పెళ్లయ్యాక మొగుడు తాగొచ్చి కొట్టేవాడు. కొన్నాళ్లు పడింది. ఒక రాత్రి తెడ్డు తనే అందుకుంది. అప్పట్నించి ఆ మనిషి తాగిన రోజున గుమ్మం బయటే పడుకునేవాడు. ఆ తర్వాత తుపాను గాలిలో వేటకు పోయి తిరిగి రాలేదు. ఇద్దరు పిల్లల్నీ, తల్లి చనిపోతూ ఆమె ఒళ్లో పెట్టిపోయిన చంటి తమ్ముణ్నీ లక్ష్మణమ్మే తిట్టీ కొట్టీ, చేపలమ్మి పెంచింది. తమ్ముడు పైడిరాజుకే కూతురు ఉషనిచ్చి పెళ్లి చేసింది. కొడుకు ఎల్లాజీ అందరికంటే చిన్నవాడు.

ఆ ఇంట్లోకి కారు రావడానికి కారణం కూడా ఒక కొట్లాటే. శ్రీకాకుళం హోటళ్లకు చేపలు పట్టుకెళ్లే రోజుల్లో ఒక కండక్టరు వాసనొస్తోందని ఆమె గంపను నడిచే బస్సులోంచి రోడ్డు మీదకు తోసేశాడు. లక్ష్మణమ్మ బస్సాపించి కిందికి దిగింది. దుమ్ములో పొర్లుతున్న పండుగప్పను తోక పట్టుకుని పైకెక్కింది. దాంతోనే వాడి మొహం మీద బాదింది. కండక్టరు ముక్కులోంచి నెత్తురు, చేప నోట్లోంచి నెత్తురు కలిసి టిక్కెట్ల సంచీ మీద పడ్డాయి. పోలీసుల దగ్గర రాజీ అయ్యాక ఆమె బయటికొచ్చి, "ఈ జన్మలో ఇంక నాను బస్సు మీద సరుకెయ్యను. కారు కొంతాను" అంది. పేటంతా నవ్వింది.

ఆమె మాత్రం పెట్రోలు బంకు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి కారువాణ్నీ ఆపడం మొదలుపెట్టింది. "బాబూ, కోపపడకు. నీ బండి ఏటి కంప్లయింటిస్తాది?" అని. చిన్న కారైతే గంపలు పట్టవు. జీపులాంటి పెద్ద బండైతే వెనక పెట్టిన చేపల వాసన ముందు కూర్చున్నవాడి మెడ మీదే ఉంటుంది. డిక్కీ కారుకైతే సరుకుకి వేరే గది ఉన్నట్టే. పొద్దున్న చేపలు, పగలంతా టాక్సీ. డిక్కీ కార్లలో ఆ చుట్టుపక్కల ఎక్కువగా తిరిగేవి రెండే రకాలు: కెనారా, వెల్టన్. కెనారా వాళ్లు క్లచ్చు తొందరగా అరిగిపోతుందని, ఎండ ముదిరితే ఏసీ మొరాయిస్తుందని, ఇంజను ముందు భాగాన నూనె చెమ్మ వదలదని చెప్పేవారు. ఇంజను మాత్రం ఎంత తోలినా అలిసిపోదట. వెల్టన్ డీజిలు తక్కువ తాగుతుంది, కూర్చుంటే ఒళ్లు తెలియదు. అయితే గతుకు కనబడితే చాలు షాకబ్జర్లు టకటకమంటాయి, చలి పొద్దుల్లో స్టార్టవ్వదు, కిటికీ అద్దం సగం దిగి అక్కడే ఆగిపోతుంది.

అంతా విని లక్ష్మణమ్మ ఇంటికొచ్చి తేల్చేసింది. "రెండూ మొగుళ్లే. ఏ మొగుడి రోగం మనం బరించగలమో అదే కొనుక్కోవాల."

పైడిరాజు కెనారా రోగం భరిస్తానని అదే కొన్నాడు. కొన్నాళ్లకు ఎల్లాజీ ఎదిగొచ్చి, మావ మాట కాదని వెల్టన్ తెచ్చుకున్నాడు. గొడవ అక్కడ మొదలైంది.

కోటబొమ్మాళి రైల్వే స్టేషను ముందు టాక్సీ స్టాండులో మావా మేనల్లుడూ పక్కపక్కనే బండ్లు పెట్టుకుని రోజంతా ఒకరి బండిని ఒకరు తిట్టుకునేవారు. డ్రైవర్లకు అది కాలక్షేపం. ఒకరోజు పైడిరాజు టీకి వెళ్లిన సమయం చూసి ఎల్లాజీ కెనారా కింద దూరాడు. ఇంజను నుంచి కారుతున్న నూనె చుక్కల్ని ఫోనులో వీడియో తీసి, "మా మావ బండి పక్క తడుపుతన్నాది" అని రాసి డ్రైవర్ల గ్రూపులో పెట్టాడు. పైడిరాజు టీ గ్లాసుతో తిరిగొచ్చేసరికి స్టాండు మొత్తం పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఒరే ఎల్లాజీ, ఇలగ రా."

"ఏటి మావా? బండికి గుడ్డలు కట్టమంతావేటి?"

వేడి టీ ఎల్లాజీ మొహం మీద పడింది. దాని వెనకే పిడికిలి వచ్చింది. ముందు పన్ను ఊడి కింద పెదవిలోకి దిగింది. ఎల్లాజీ డిక్కీలోంచి జాకీ రాడ్డు తీసి మావ భుజం మీద కొట్టాడు. పైడిరాజు వాడి మెడ దొరకబుచ్చుకుని కారు బానెట్టుకేసి రెండుసార్లు గుద్దాడు. అందరూ కలిసి విడదీసేసరికి తెల్ల వెల్టన్ బానెట్టు ఎర్రగా ఉంది. ఎల్లాజీ నెత్తురు ఉమ్మి, నలుగురూ వినేలా అరిచాడు. "రేపు నీ కెనారా ఏ లారీ కిందో దూరిపోతాది, సూడు. అప్పుడు నవ్వుతాను నాను!"

మర్నాడు అలాగే అయింది.

ఉషని పక్కన కూర్చోబెట్టుకుని వస్తుంటే రైల్వే గేటు వేసి ఉంది. ముందు ధాన్యం బస్తాల ట్రాక్టరు నిలబడి ఉంది. పైడిరాజు బ్రేకు తొక్కాడు. తడి ఇసకలో కాలు దిగినట్టు పెడల్ అలా కిందికి పోయింది. ఇంకోసారి తొక్కాడు, చేతి బ్రేకు లాగాడు. కారు వెళ్లి ట్రాక్టరు తొట్టి కింద దూరింది. అద్దం పగిలి పైడిరాజు నుదురు చీరుకుపోయింది. ఉష కుడికాలు మోకాలి కింద నలిగి, ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. గేటు దగ్గరి జనం రేకులు వంచి లాగుతుంటే ఆమె పెట్టిన కేకకు గేటు తీసే మనిషి కళ్లు మూసుకున్నాడట.

ఉషని శ్రీకాకుళం ఆస్పత్రిలో చేర్చి, పైడిరాజు నుదుటికి కుట్లు వేయించుకుని నేరుగా కారు పెట్టిన షెడ్డుకు వెళ్లాడు. వెనక భాగం పైకి లేపి చూస్తే, అడుగున బ్రేకు నూనె వెళ్లే సన్నటి ఇనప పైపు రెండు ముక్కలై వేలాడుతోంది. ఎల్లాజీ కారు కింద దూరినట్టు స్టాండంతా చూసింది. వాడన్న మాట స్టాండంతా విన్నది. పైడిరాజుకు ఇంకేం కావాలి?

సాయంత్రానికి చేపలు కోసే కత్తి పట్టుకుని లక్ష్మణమ్మ వాకిట్లో దిగాడు. "ఎక్కడ అప్పా ఆడు? నా పెళ్లాం కాలు తీసినోడి సేతులు రెండూ తీసీసి, నీ గంపలో ఏసీసి ఎల్లిపోతాను."

"ఇంట్లో లేడు. కత్తి కింద పడీ" అని ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది.

వాడు తలుపు మీద కత్తి వేశాడు. చెక్క చీలింది. మళ్లీ వేశాడు. లోపల్నుంచి లక్ష్మణమ్మ పొయ్యి మీద ఉడుకుతున్న గంజి గిన్నెతో వచ్చి, చీలిన తలుపు సందులోంచి వాడి కాళ్ల మీద కుమ్మరించింది. పైడిరాజు గెంతుతూ వాకిట్లోకి పోయాడు. పాదాలు బొబ్బలెక్కుతున్నా కత్తి మాత్రం వదల్లేదు. "ఎన్నాళ్లు కాపలా కాస్తావప్పా? నీకు కొడుకు. నాకేటి కాడా? మేనల్లుడని ఎత్తుకు తిరిగినాను ఆడ్ని. అందుకే నా సేత్తోనే నరుకుతాను" అని ఏడుస్తూ పోయాడు.

ఎల్లాజీ వలల పాకలో నక్కి ఉన్నాడు. లక్ష్మణమ్మ లోపలికి వెళ్లి తడిక మూసింది.

"కోసినావా?"

"లేదమ్మా."

చెంప పగిలింది.

"కోసినావా?"

"లేదంతన్నాను కదా!"

ఇంకో చెంప. ఊడిన పన్ను దగ్గర మళ్లీ నెత్తురు మొదలైంది. వాడు తుడుచుకోలేదు. "నువ్వు కూడా నమ్మకపోతే ఆ కత్తి నువ్వే తీసుకో" అన్నాడు.

పిల్లల అబద్ధం వాళ్ల మొహాల్లో కనిపెట్టడం లక్ష్మణమ్మకు బాగా తెలుసు. ఈసారి ఆ మొహం వాచిపోయి ఉంది, ఏమీ తెలియలేదు. వాడే కోసుంటే తనే జుట్టు పట్టుకుని పోలీసు స్టేషనుకు ఈడ్చుకెళ్తుంది, అక్కడ ఆస్పత్రిలో పడున్నది కూడా తన కూతురే. కొయ్యకపోతే ఒక బిడ్డ కోసం ఇంకో బిడ్డ చేతులు పోతాయి. నరికినందుకు తను పెంచిన తమ్ముడు జైలుకు పోతాడు. ఉష ఒంటి కాలితో మొగుడు లేని ఇంట్లో కూర్చుంటుంది. పైపు ఎలా తెగిందో తేలాలి. తేలేదాకా కొడుకు పేటలో ఉండకూడదు.

తెల్లారేసరికి వాణ్ని బస్సెక్కించింది. బస్సులో ఆమె ఒళ్లో చేపల గంప లేదు గనక కండక్టరు ఏమీ అనలేదు. సాలూరులో దిగి, తన దగ్గర ఏళ్ల తరబడి ఎండు చేపలు కొనే కూర్మయ్య ఇంటికి వెళ్లారు. ఆ ఇల్లు లారీల యార్డు వెనకాలే. యార్డులో లారీల పక్కన, ఒరిస్సా కొండల మీదికి తిరిగే టాక్సీలు కూడా రిపేరుకొచ్చి నిలబడి ఉన్నాయి. వాటిలో కెనారాలున్నాయి, వెల్టన్లున్నాయి.

లక్ష్మణమ్మ కాళ్లు కడుక్కోకుండానే అక్కడికి నడిచింది. మొదటి కెనారా డ్రైవరు బానెట్టు ఎత్తుకుని ఉన్నాడు.

"బాబూ, దీనికి బ్రేకులు పోతాయటకదా?"

"బ్రేకులా? ఎవులు సెప్పినారమ్మా? క్లచ్చు, క్లచ్చే దీని దరిద్రం. కొండెక్కితే కాలిన వాసన."

"కింద పైపు తెగిపోదూ?"

"నీకేటి, బండి కొంతావా, బీమావోళ్ల మనిసివా?"

"నాను ఏ మనిసినైతే నీకేటిరా. అడిగిందానికి సెప్పు."

వాడు నవ్వి, ఇంకో డ్రైవర్ని పిలిచాడు. ఆమె యార్డంతా తిరిగింది. కెనారా వాళ్లు క్లచ్చు, ఏసీ, నూనె చెమ్మ గురించి చెప్పారు. వెల్టన్ వాళ్లు షాకబ్జర్లనీ, పొద్దుటి స్టార్టింగునీ, ఆగిపోయే అద్దాన్నీ తిట్టారు. పెట్రోలు బంకు దగ్గర విన్న తిట్లే మళ్లీ విన్నట్టుంది. బ్రేకు పైపు మాట ఎవరి నోటా రాలేదు. కంపెనీ లోపమైతే ఇక్కడా తెగాలి కదా? అయితే తన కొడుకే కోశాడన్నమాట.

కొడుకు వైపు చూసింది. వాడు లారీ చక్రానికి ఆనుకుని, వాచిన మొహంతో నేలకేసి చూస్తున్నాడు. వాణ్ని ఈడ్చుకెళ్దామనే రెండడుగులు వేసింది. మళ్లీ ఆగి కూర్మయ్యనడిగింది. "అన్నా, ఒక కెనారాని ఆ గోతి మీద పెట్టించు. కింద నుంచి సూడాల నాను."

"నీకెందుకు లక్ష్మణమ్మా, సీర పాడయిపోతాది."

"పెట్టించన్నా!"

లారీల అడుగు చూడటానికి తవ్విన గోతి అది. ఒక పాత కెనారాను దాని మీదకు తెచ్చారు. పైడిరాజు బండి కంటే అది చాలా పాతది. లక్ష్మణమ్మ కుచ్చిళ్లు బిగించి గోతిలో దిగి, ఫోను లైటు పైకి వేసింది. ఇనప పైపు ఎర్రమట్టి పట్టి ఉంది గానీ గట్టిగా ఉంది. చేత్తో లాగింది, గోరుతో గీకింది. మట్టి రాలిందంతే. లైటు ఇంకాస్త పక్కకు జరిపింది. పైపుకు సరిగ్గా నెత్తిన, డిక్కీ అడుగున, నల్ల రబ్బరు బిరడా ఒకటి బిగుసుకుని ఉంది.

తమ రెండు బండ్లకీ ఆ బిరడా లేదు.

డిక్కీలో ఐసు కరిగి చేపల నీళ్లు నిలిచిపోతే టాక్సీ ఎక్కినవాళ్లు ముక్కు మూసుకుంటున్నారని, అడుగున బెజ్జం ఉంది కదా, ఆ బిరడా పీకి పారేయమని చెప్పింది తనే. చేపలు ఇంకా చల్లగా ఉండాలని ఐసులో రాళ్లుప్పు దట్టించేది కూడా తనే. ప్రతి పొద్దునా ఆ ఉప్పునీళ్లు డిక్కీ బెజ్జంలోంచి బొట్టు బొట్టుగా కారి, రోడ్డు మీద పడుతున్నాయనుకుంది. రోడ్డుకూ బెజ్జానికీ మధ్యన పైపు ఉందని ఎవరికి తట్టింది?

లక్ష్మణమ్మ ఫోను లైటు ఆర్పేసింది.

"ఏటయినాదమ్మా?" పైనుంచి ఎల్లాజీ వంగి చూశాడు.

ఆమె పైకొచ్చింది గానీ వాడి మొహంలోకి చూడలేకపోయింది. "పద. బస్సుంది" అంది.

దార్లోంచి తమ్ముడికి ఫోను చేసి ఉప్పునీళ్ల సంగతి మొత్తం చెప్పింది. పైడిరాజు చివరిదాకా విన్నాడు. "అప్పా, నీ కొడుకుని తప్పించడానికి నువ్వు సముద్రాన్ని కూడా సాక్ష్యానికి పిలుస్తావు" అని ఫోను పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఇంక ఒకటే దారి. ఎల్లాజీ వెల్టన్ వాకిట్లోనే ఉంది. దాని కిందకి ఎవరూ దూరలేదు. దాని పైపు కూడా పుచ్చిపోయి ఉంటే పైడిరాజు తన కళ్లతో చూసుకుంటాడు. కొడుకుని కోటబొమ్మాళిలోనే దింపి తనొక్కతే వెళ్దామనుకుంది. "నా బండి, నాను వస్తాను. దొంగనాగ దాక్కోడానికి నాను ఏటి సేసినాను?" అని వాడు మొండికేశాడు. నిజమే కదా అనిపించి ఊరుకుంది. అలా ఊరుకున్నందుకు తర్వాత ఎంత ఏడ్చిందో.

వాకిట్లో అడుగుపెట్టారో లేదో, పాక పక్కనుంచి పైడిరాజు వచ్చాడు. కత్తి లేదు, చేతిలో లంగరు ఇనప కడ్డీ ఉంది. ఎల్లాజీ అడ్డం పెట్టిన చేతి మీద మొదటి దెబ్బ పడింది. ఎండు తాటిమట్ట విరిగిన చప్పుడైంది. మోచేతి కింద, వంపు ఉండని చోట చెయ్యి వంపు తిరిగింది. వాడు మోకాళ్ల మీద కూలాడు. రెండో దెబ్బ తల మీదకు లేచింది. లక్ష్మణమ్మ తమ్ముడి మణికట్టును నోటితో అందుకుంది. పళ్లు దిగి ఉప్పగా నెత్తురొచ్చేదాకా కొరికింది. కడ్డీ జారింది. జారగానే జుట్టు దొరకబుచ్చుకుంది. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన రోజున ఈడ్చినట్టే, బొబ్బలెక్కిన కాళ్లతో వాడు తన్నుకుంటుంటే వెల్టన్ దాకా ఈడ్చుకెళ్లి నేలకేసి కొట్టింది.

"దూరు. కిందకి దూరు."

"వదలప్పా—"

వీపు మీద తన్నింది. "డిక్కీ కింద. పైపు కనపడతన్నాదా? పట్టుకో దాన్ని."

పైడిరాజు సగం ఒళ్లు కారు కింద, సగం బయట. చెయ్యి చాపి పట్టుకున్నాడు. గట్టిగా కూడా పట్టుకోలేదు. పైపు బెల్లం పాకం పెచ్చులా విరిగి చేతిలోకొచ్చింది. బ్రేకు నూనె మోచేతి మీదుగా చంకలోకి కారింది.

"ఇది ఎవుడు కోసినాడు?" లక్ష్మణమ్మ అరిచిన అరుపుకి చుట్టుపక్కల ఇళ్ల వాళ్లు బయటికొచ్చారు. "సెప్పు! తన బండికి తనే కోసుకున్నాడేటి నా కొడుకు? రబ్బరు బిరడా పీకించింది నాను. ఉప్పేసింది నాను. నరుకుతావా నన్ను? రా, నరుకు!"

పైడిరాజు కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి, కదలడం లేదు. విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎల్లాజీ మూలుగుతున్నాడు. కారు కింద నుంచి నేలకేసి తల కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది.

"ఆపు. నీ తల పగలగొట్టుకుంటే నాకు ముగ్గురవుతారు ఆస్పత్రిలో" అంది లక్ష్మణమ్మ.

ఇంట్లో ఉన్న ఒక కారు నుజ్జయింది, ఇంకో దానికి బ్రేకు లేదు. పక్కింటివాళ్ల ఐసు ఆటోలో వెళ్లారు. ఎల్లాజీ పెట్టెల మధ్యన కూర్చున్నాడు. పైడిరాజు వాడి చెయ్యి కదలకుండా కింద నుంచి తన రెండు చేతులతో పట్టుకున్నాడు. శ్రీకాకుళం వచ్చేదాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆస్పత్రిలో కట్టు కట్టేముందే పోలీసాయన వచ్చాడు. దెబ్బల కేసైతే వాళ్లకు కబురు వెళ్తుంది. "ఎవరు కొట్టారు బాబూ?"

ఎల్లాజీ తల్లి వైపు చూశాడు. గోడ పక్కన నిలబడ్డ పైడిరాజు కూడా ఆమె వైపే చూశాడు. జారిపడ్డాడని చెబితే సరిపోతుంది. ఆమె తల ఊపితే వాడు అలాగే చెబుతాడు.

"నన్ను సూడకు" అంది లక్ష్మణమ్మ. "సెయ్యి నీది."

ఎల్లాజీ పోలీసాయన వైపు తిరిగాడు. "మా మావ కొట్టినాడండి" అన్నాడు. "నాను ఏటీ సెయ్యకుండానే కొట్టినాడు."

పైడిరాజు కాదనలేదు. ఉష ఉన్న వార్డు ఎటో చూసుకుని, అటు వెళ్లకుండానే పోలీసాయన వెనక మెట్లు దిగాడు. లక్ష్మణమ్మ కొరికిన మణికట్టు నుంచి ఇంకా నెత్తురు కారుతూనే ఉంది.

ఆమె కింద కొట్లో పెరుగన్నం పొట్లం కట్టించుకుని కూతురి దగ్గరికి వెళ్లింది. ఉష కాలికి ఇనప కడ్డీలు గుచ్చి కట్టు కట్టారు. జరిగిందంతా ఆయాలు ముందే చెప్పేసినట్టున్నారు. ఏడ్చిన కళ్లతో పైకప్పు చూస్తోంది.

"తమ్ముడికి సెయ్యి నిలుస్తాదా?"

"నిలుస్తాదంతన్నారు."

ఉష తల్లి వైపు తిరిగింది. "మావని కొట్టీస్తారేటే అమ్మా స్టేషన్లో?"

లక్ష్మణమ్మ అన్నం కలిపి ముద్ద చేసింది. "కొడతారు" అంది. "నోరు తెరు."